పంటను నిర్ణయించేది కొనుగోలు కేంద్రమే

2020 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం ‘నియంత్రిత సాగు’ పేరుతో ఒక ప్రణాళికను ప్రకటించింది. వానాకాలంలో మక్కలు వేయవద్దని, పత్తి, కంది విస్తీర్ణం పెంచాలని, వరిలో సన్న రకాలకు ప్రాధాన్యం ఇవ్వాలని రైతులకు చెప్పింది. చెప్పిన పంట వేయనివారికి రైతుబంధు అందదని మొదట్లో హెచ్చరించింది కూడా. ఆ మాట విని సన్నాలు వేసిన రైతుకు దొడ్డు రకాలకంటే దిగుబడి తగ్గింది, చీడపీడల ఖర్చు పెరిగింది, మద్దతు ధర మాత్రం దాదాపు అదే దక్కింది. డిసెంబరు వచ్చేసరికి ప్రభుత్వమే ఆ విధానాన్ని పక్కన పెట్టి, ఏ పంట వేయాలో రైతులే నిర్ణయించుకోవచ్చని ప్రకటించింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2016లో, పత్తి తగ్గించి కంది వేయమని ఇదే రాష్ట్రంలో జోరుగా ప్రచారం జరిగింది. ఆ ఏడాది దేశమంతటా కంది విరగపండింది. బోనసుతో కలిపి క్వింటాలుకు 5,050 రూపాయల మద్దతు ధర ఉన్నప్పటికీ, మార్కెట్‌కు తెచ్చిన రైతుల్లో చాలామంది అంతకంటే బాగా తక్కువకు అమ్ముకోవలసి వచ్చింది. వద్దన్న పత్తికేమో మంచి ధర పలికింది.

ఈ రెండు అనుభవాలనూ ఒక ప్రభుత్వ వైఫల్యంగా చూసి వదిలేస్తే అసలు విషయం చేజారిపోతుంది. పంటల మార్పిడి, నేల సంరక్షణ, నీటి పొదుపు అవసరమన్న సంగతిలో అధికారులకు గానీ శాస్త్రవేత్తలకు గానీ రైతులకు గానీ భిన్నాభిప్రాయం లేదు. ఆ మార్పు వల్ల వచ్చే నష్టభయాన్ని ఎవరు మోయాలన్న ప్రశ్నకే మన ప్రణాళికల్లో జవాబు లేదు. సుస్థిర వ్యవసాయం పేరుతో వెలువడే పత్రాలన్నీ రైతుకు ఏమి చేయాలో చెబుతాయి. చేసి నష్టపోతే ఆ లోటు ఎవరి ఖాతాలో పడుతుందో చెప్పవు. వరి విషయంలో ఆ మాట చెప్పవలసిన అవసరమే లేదు. తేమ, తాలు పేరుతో తరుగు తీసినా, గన్నీ సంచుల కోసం వారాల తరబడి కాపు కాయించినా, చివరికి ప్రభుత్వం కొంటుందన్న నమ్మకం రైతుకు ఉంది. ఆ నమ్మకమే ఈ దేశంలో అమలవుతున్న అసలు వ్యవసాయ ప్రణాళిక. మిగిలినవాటిలో చాలా భాగం దాని అంచున రాసుకున్న వ్యాఖ్యానాలు.

ఈ ఏర్పాటు ఒకప్పటి అవసరంలోంచి పుట్టింది. 1965లో భారత ఆహార సంస్థ, వ్యవసాయ ధరల కమిషన్ ఏర్పడిన నాటికి దేశం ఓడల్లో వచ్చే గోధుమల కోసం ఎదురుచూస్తోంది. తిండిగింజలు పండించు, మేము కొంటాము, ఎరువు చవకగా ఇస్తాము, నీళ్లు తెస్తాము అన్నది ఆనాటి ఒప్పందం. ఆ ఒప్పందం ఫలించింది కాబట్టే ఈ రోజు నిల్వలు ఎక్కడ పెట్టాలన్నది సమస్య అయింది. హరిత విప్లవ సారథుల్లో ఒకరైన ఎం.ఎస్. స్వామినాథన్ స్వయంగా 1968 జనవరిలో వారణాసిలో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్ వేదిక మీద, నేల సారాన్ని కాపాడుకోకుండా, భూగర్భ జలాన్ని విచక్షణ లేకుండా తోడుకుంటూ సాగే వ్యవసాయం ముందు ముందు ముప్పు తెస్తుందని హెచ్చరించారు. ఆ హెచ్చరిక వినిపించి అర్ధ శతాబ్దం దాటింది. ఒప్పందంలోని షరతులు మాత్రం మారలేదు.

కాగితం మీద ప్రణాళికలకు కొదవ లేదు. 1980ల చివర్లో ప్రణాళికా సంఘం దేశాన్ని 15 వ్యవసాయ వాతావరణ మండలాలుగా విభజించి, ఏ మండలానికి ఏ పంటలు తగినవో దాన్నిబట్టి ఆలోచించాలన్నది. 2007లో మొదలైన రాష్ట్రీయ కృషి వికాస్ యోజన ప్రతి జిల్లాకూ సమగ్ర వ్యవసాయ ప్రణాళిక ఉండాలని షరతు పెట్టింది. 2008 నాటి వాతావరణ మార్పుల జాతీయ కార్యాచరణలోని ఎనిమిది మిషన్లలో సుస్థిర వ్యవసాయానిది ఒకటి. ఇంత చేసినా మద్దతు ధర మాత్రం అనంతపురానికీ అమృత్‌సర్‌కూ ఒక్కటే. ఏటా 22 పంటలకు ఆ ధర ప్రకటిస్తున్నా, నమ్మకంగా కొనేది ప్రధానంగా వరినీ గోధుమనూ. మండలాలవారీగా ఆలోచించమన్న పత్రం ఒక గదిలో, దేశమంతటికీ ఒకే సంకేతం పంపే ధర మరో గదిలో తయారవుతున్నప్పుడు రైతు రెండోదాన్నే వింటాడు. వినడమే వివేకం కూడా.

నిధుల లెక్క చూస్తే ఈ వైరుధ్యం ఇంకా స్పష్టమవుతుంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ప్రకృతి వ్యవసాయ జాతీయ మిషన్‌ను ఆమోదించింది. కోటి మంది రైతుల్ని, 7.5 లక్షల హెక్టార్లను లక్ష్యంగా పెట్టుకున్న ఈ పథకానికి రాష్ట్రాల వాటాతో కలిపి కేటాయింపు 2,481 కోట్ల రూపాయలు. అంతర్జాతీయ ధరలు మండిపోయిన 2022–23లో రసాయన ఎరువుల సబ్సిడీకి కేంద్రం చేసిన ఖర్చు రెండున్నర లక్షల కోట్లకు పైమాటే. ఒక ఏడాది ఎరువుల సబ్సిడీలో నూరో వంతు కూడా లేని సొమ్ముతో, ఆ ఎరువుల వాడకాన్ని తగ్గించే ఉద్యమం నడపాలని ఆశించడం సాహసమే. అసలు పోటీ ఇక్కడ సాగు పద్ధతుల మధ్య లేదు, ఒకే ఖజానాలోంచి వెలువడే రెండు ఆదేశాల మధ్య ఉంది.

యూరియా సంగతి కొంచెం వివరంగా చూడాలి. 2010 ఏప్రిల్‌లో పోషకాల ఆధారిత సబ్సిడీ విధానం వచ్చినప్పుడు భాస్వరం, పొటాష్ ఎరువుల్ని అందులో చేర్చి, నత్రజని అందించే యూరియాను వదిలేశారు. ఫలితంగా ఆ రెండింటి ధరలు పెరిగాయి, యూరియా ధర కదలలేదు. ఇవాళ 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు దొరుకుతుంటే, భాస్వరం ఎక్కువగా ఉండే డీఏపీ 50 కిలోల బస్తా 1,350 రూపాయలు పలుకుతోంది. నత్రజని, భాస్వరం, పొటాష్‌లను స్థూలంగా 4:2:1 నిష్పత్తిలో వాడాలన్న సిఫారసు విస్తరణాధికారి నోట్లో ఉంటుంది. ధరల పట్టిక రైతు జేబుకు ఎదురుగా ఉంటుంది. 2015 ఫిబ్రవరిలో భూసార ఆరోగ్య కార్డుల పథకం మొదలైంది. అదే ఏడాది యూరియాకంతటికీ వేపపూత తప్పనిసరి చేశారు. రెండూ మంచి పనులే. అయితే నత్రజని తగ్గించమని కార్డు చెబుతున్నప్పుడు, ఎరువుల దుకాణంలో అన్నింటికంటే చవకగా దొరికేది నత్రజనే అయితే, ఆ కార్డు అరలోకి చేరడంలో ఆశ్చర్యమేముంది? పైరు వాడుకోగా మిగిలిన నత్రజనిలో కొంత నైట్రేట్‌గా భూగర్భ జలంలోకి దిగుతుంది, కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలోకి లేస్తుంది. ఆ వాయువు వేడిని పట్టి ఉంచే శక్తి బొగ్గుపులుసు వాయువుకంటే సుమారు 270 రెట్లు ఎక్కువ.

రసాయన ఎరువుల వాడకం తగ్గించిన రాష్ట్రానికి, మిగిలిన సబ్సిడీ సొమ్ములో సగాన్ని గ్రాంటుగా ఇస్తామంటూ 2023లో కేంద్రం పీఎం ప్రణామ్ పథకం తెచ్చింది. ఆలోచన సరైన దిశలోనే ఉంది, కానీ ఆ గ్రాంటు ప్రభుత్వానికి వెళుతుంది. యూరియా తగ్గించి పచ్చిరొట్ట వేసి, మొదటి రెండు పంటల్లో దిగుబడి తగ్గితే భరించవలసిన రైతుకు అందులో నేరుగా దక్కేదేమీ లేదు. 2025 వానాకాలంలో యూరియా కోసం తెలంగాణలో రైతులు తెల్లవారుజాము నుంచే బారులు తీరారు. కొరత వచ్చినప్పుడు వాడకం తగ్గడాన్ని ఏ ప్రభుత్వమూ తన సంస్కరణగా చెప్పుకోజాలదు.

నీటి విషయం ఇంతకంటే క్లిష్టమైనది, రాజకీయంగా ఇంతకంటే సున్నితమైనది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మొదలైంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో అది 24 గంటల సరఫరా అయింది. బోరు మీద ఆధారపడిన మెట్ట ప్రాంతపు రైతుకు ఇది నిజంగా ప్రాణం పోసిన నిర్ణయమే. కాలువ కింద ఉన్నవాడికి ప్రజాధనంతో కట్టిన ఆనకట్ట నుంచి నీళ్లు పారుతుంటే, బోరు కింద ఉన్నవాడు సొంత అప్పుతో తవ్వుకుని కరెంటు బిల్లు కూడా కట్టాలనడంలో న్యాయం లేదు కనుక, ఉచిత విద్యుత్తును దుబారాగా కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. కానీ ఆ ఉచితానికి కొలత లేకపోవడం వేరే విషయం. 24 గంటల సరఫరా మొదలుపెట్టే ముందు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతుల్ని బతిమాలుకోవలసి వచ్చింది. అవి ఉంటే మోటారు రాత్రింబవళ్లు తనంతట తాను నడిచి బోరు ఎండగొడుతుందని అందరికీ తెలుసు. కొలత అనగానే మీటరు, మీటరు అనగానే బిల్లు గుర్తుకు రావడం వల్ల రెండు రాష్ట్రాల్లోనూ ఆ చర్చ ఎప్పుడూ అక్కడే ఆగిపోతోంది. గుజరాత్ 2003 తర్వాత జ్యోతిగ్రామ్ పథకం కింద వ్యవసాయ ఫీడర్లను, అంటే కరెంటు లైన్లను, ఊరి ఫీడర్ల నుంచి వేరు చేసి, సేద్యానికి పరిమిత గంటలే అయినా నికరమైన కరెంటు ఇచ్చింది. ఒక్కొక్క మోటారుకు మీటరు పెట్టకుండానే ఒక అదుపు సాధ్యమని దాన్నిబట్టి తెలుస్తుంది.

చట్టాలు కూడా ఉన్నాయి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, వాడుకలో వాల్టా, బోరుకూ బోరుకూ మధ్య దూరాన్ని, అనుమతుల్ని నిర్దేశించింది. అది ఎంతవరకు అమలవుతోందో బోరు బండి వెళ్లిన ప్రతి ఊరికీ తెలుసు. చట్టం చేయలేని పనిని కొన్నేళ్లపాటు ఒక ప్రాజెక్టు మాత్రం చేసి చూపించింది. 2003 నుంచి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో, ఆరువందలకు పైగా గ్రామాల్లో ఇది నడిచింది. రైతులే వర్షమాపకాలు చూసి, బావుల్లో నీటి మట్టాలు కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుని లెక్క వేసుకునేవారు: భూమిలో ఉన్న నీరెంత, అందరూ వేయదలచిన పంటలకు కావలసిన నీరెంత. నిషేధం లేదు, సబ్సిడీ లేదు. లెక్క కళ్లెదుట కనిపించాక చాలా గ్రామాల్లో వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. ఎవరి బోరు వారి సొంతమైనా నీరు ఉమ్మడిదన్న సంగతిని ఒక పట్టిక ద్వారా ఒప్పించిన అనుభవమిది. ప్రాజెక్టు గడువు ముగిశాక ప్రభుత్వ యంత్రాంగంలో దానికి శాశ్వత స్థానం దక్కలేదు. 2019లో కేంద్రం 6,000 కోట్లతో మొదలుపెట్టిన అటల్ భూజల్ యోజన కూడా గ్రామస్థాయి నీటి బడ్జెట్‌నే నమ్ముకుంది. దానికి ఎంచుకున్న ఏడు రాష్ట్రాల్లో మాత్రం ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు.

నిషేధాలతో దారి మార్చాలనుకుంటే ఏమవుతుందో పంజాబ్ నేర్పింది. ఏటా భూమిలోకి ఇంకే నీటికి ఒకటిన్నర రెట్లకు పైగా తోడేస్తున్న ఆ రాష్ట్రం, 2009లో చట్టం చేసి జూన్ 10కి ముందు వరి నాట్లు వేయకూడదన్నది. మండు వేసవిలో ఆవిరయ్యే నీరు మిగిలింది. కానీ నాటు వెనక్కి జరిగినందువల్ల కోత కూడా వెనక్కి జరిగి, వరి కోతకూ గోధుమ విత్తడానికీ మధ్య వ్యవధి కుంచించుకుపోయింది. దుబ్బులు తగలబెట్టడం చలి ముదిరే నవంబరులోకి మారి ఢిల్లీ గాలిని మరింత చెరిపింది. వరిని అలాగే ఉంచి వరి తేదీని మాత్రమే సరిచేసిన ప్రణాళిక అంతకంటే దూరం పోలేదు. శ్రీలంక 2021 ఏప్రిల్‌లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్క పెట్టున నిషేధించి నవంబరులోనే వెనక్కి తగ్గిన ఉదంతం మరీ తెలిసినదే. దాన్ని సేంద్రియ సాగుకు వ్యతిరేక సాక్ష్యంగా వాడుకోవడం మాత్రం అన్యాయం. అక్కడ విఫలమైంది వ్యవధి ఇవ్వని తొందర.

ఆంధ్రప్రదేశ్‌లో జరుగుతున్న ప్రయోగం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. పురుగుమందులు లేని సాగుకు 2004 ప్రాంతంలో నాటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లా పునుకుల వంటి గ్రామాలు దారి చూపించాయి. మహిళా స్వయం సహాయక సంఘాల ద్వారా ఆ పని విస్తరించింది. 2016 నుంచి రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ దాన్ని ప్రకృతి వ్యవసాయంగా నడుపుతోంది. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా కప్పి ఉంచే పద్ధతి, ఎండకు మాడిపోయే రాయలసీమ భూముల్లో సేంద్రియ కర్బనాన్ని పెంచడానికి పనికొచ్చే ఆలోచన. ఈ కార్యక్రమానికి 2024లో అంతర్జాతీయ పురస్కారమైన గుల్బెంకియన్ బహుమతి లభించింది. అయినా నా సందేహాలు రెండున్నాయి. జీవామృతం, కషాయాలు తయారు చేయడానికి పట్టే శ్రమలో ఎక్కువ భాగం ఆడవారి మీద పడుతోంది, ఖర్చుల పట్టికలో ఆ శ్రమకు విలువ కట్టడం అరుదు. పండిన పంటకు వేరే ధర, వేరే కొనుగోలు వ్యవస్థ లేనప్పుడు, మామూలు ధాన్యంతో కలిపి అదే కాటా మీద తూచవలసి వస్తుంది. సాగు మార్చడానికి ఇరవై ఏళ్లుగా పడిన శ్రమలో కొంతైనా అమ్మకం మీద పెట్టి ఉంటే ఈ ప్రయోగం ఇంకా విస్తరించి ఉండేది.

ఆ రెండో సగాన్ని ముందు చేసిన రాష్ట్రం ఒడిశా. 2017లో మొదలైన చిరుధాన్యాల మిషన్ విత్తనాలిచ్చి సరిపెట్టుకోలేదు. గిరిజన జిల్లాల్లో రాగులను మద్దతు ధరకు కొన్నది, కొన్నవాటిని రేషన్ ద్వారా, అంగన్‌వాడీల ద్వారా జనానికి చేర్చింది. కొనుగోలూ వినియోగమూ ఒకదానికొకటి ముడిపడినందువల్ల ఆ పంట నిలబడింది. 2013 ఆహార భద్రతా చట్టం బియ్యం, గోధుమలతోపాటు ముతక ధాన్యాలను కూడా పంపిణీ చేయవచ్చని ముందే చెప్పింది. తెలుగు రాష్ట్రాల్లో రేషన్ అంటే ఇప్పటికీ ప్రధానంగా బియ్యమే. 2025 ఉగాది నుంచి తెలంగాణ సన్నబియ్యం ఇస్తోంది. పేదవాడి కంచంలో తినదగిన బియ్యం పడటాన్ని ఎవరూ తప్పు పట్టరు. కానీ 2024 వానాకాలంలో సన్న వడ్లకు ప్రకటించిన 500 రూపాయల బోనసుతో క్వింటాలు ధర 2,820కి చేరినప్పుడు, ఆ సీజనులో ప్రభుత్వ లెక్క ప్రకారమే 150 లక్షల టన్నులకు పైగా వడ్లు పండినప్పుడు, పంటల మార్పిడి గురించి రైతు వేదికల్లో చెప్పే మాటకు బరువెక్కడిది? 2021లో ఉప్పుడు బియ్యం తీసుకోబోమని కేంద్రం అన్నప్పుడు యాసంగి వరి వేయవద్దని చెప్పి, కొన్నేళ్లలోనే వరికి బోనసు ఇచ్చే స్థితికి రావడంలో తప్పు ఏ ఒక్క పార్టీదో కాదు. వరి రైతును నొప్పించకుండా ఇతర పంటల రైతును ఆదుకునే మార్గం వెతకకపోవడం అందరిదీ.

ఆ మార్గం అంత అసాధ్యమైనదేమీ కాదని నా అభిప్రాయం. వరికి ఇచ్చే భరోసాను తగ్గించనక్కరలేదు, ఉన్నచోట ఉంచి, దానితో సమానమైన భరోసాను ముందుగా రెండు మూడు పంటలకు, కొన్ని ఎంపిక చేసిన జిల్లాల్లో, కనీసం ఐదేళ్లపాటు ఇవ్వాలి. ఒక్క సీజనుకు ప్రకటించిన బోనసును నమ్మి ఎవరూ సాగు పద్ధతి మార్చరు. వరి కోసం చదును చేసి గట్లు కట్టిన మడిలో మళ్లీ కంది వేయాలంటే నీరు పోయే దారి చూడాలి, కోత యంత్రాలు దొరకాలి, అడవి పందుల నుంచి, కోతుల నుంచి కాపలా కావాలి. ఈ చివరి రెండింటి పేరు ఏ ప్రణాళికా పత్రంలోనూ పెద్దగా కనిపించదు కానీ, చాలా ఊళ్లలో వేరుశనగ, మక్క మానేసి వరికి మళ్లడానికి అవే కారణమని రైతులు చెబుతారు.

భూమి ఎవరి పేరున ఉందన్న చిక్కు కూడా ఇందులోనే ఉంది. నోటిమాట కౌలు మీద ఏడాదికో పొలం మారే రైతును, మూడేళ్లకు ఫలితమిచ్చే నేల సంరక్షణ చేయమనడం అర్థం లేనిది; అతను పెంచిన సారం వచ్చే ఏడాది కౌలు పెంచడానికే పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2011 చట్టం కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇచ్చింది, 2019 చట్టం పంట సాగుదారు హక్కుల కార్డు తెచ్చింది. రెండో చట్టం కింద కార్డు రావాలంటే భూయజమాని అంగీకారం కావాలి కనుక ఎందరో దానికి దూరంగానే ఉండిపోయారు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే చేరింది.

2025–26 బడ్జెట్‌లో కేంద్రం పప్పుధాన్యాల స్వయం సమృద్ధి మిషన్‌ను ప్రకటించి, అక్టోబరులో 11,440 కోట్లతో ఆమోదించింది. కంది, మినుము, మసూర్ పంటల్ని పేరు నమోదు చేసుకున్న రైతుల నుంచి నాలుగేళ్లపాటు ఎంత తెస్తే అంత నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్ అనే జాతీయ సహకార సంస్థలు కొంటాయన్నది అందులోని ముఖ్యమైన హామీ. వరికి ఉన్న భరోసాకు ఇంత దగ్గరగా వచ్చిన మాట మెట్ట పంటల విషయంలో ఇంతకు ముందు వినలేదు. మన నేలల్లో బాగా పండే పెసర ఆ జాబితాలో లేదు. కాగితం లేని కౌలు రైతు ఎలా నమోదవుతాడో, తాండూరు కంది రైతు నుంచి సీజను మొదటి వారంలోనే కొనుగోలు మొదలవుతుందో లేదో రెండు రాష్ట్రాల మార్కెటింగ్ శాఖలు ఇప్పుడే తేల్చుకోవాలి. ఆ హామీ వచ్చిన కాలంలోనే కందుల దిగుమతికి సుంకం మినహాయింపును 2026 మార్చి వరకు పొడిగించారు. కోతల వేళకు విదేశీ కందులు సుంకం లేకుండా దిగుతుంటే బయటి మార్కెట్ ధర మద్దతు ధరకు దిగువన ఉండిపోతుంది, పంట మొత్తం కొనుగోలు కేంద్రాల మీద పడుతుంది. కొనే శాఖ, సుంకం నిర్ణయించే శాఖ విత్తనం వేయకముందే ఒక మాట మీదకు వచ్చి దాన్ని రైతుకు చెప్పగలిగితే, 2016లో కంది వేసి నష్టపోయిన రైతు మళ్లీ ఆ పంట వైపు చూస్తాడు.